దమ్మిడీ మసీదు - ఎవరి వారసత్వం?

పాత మసీదు అనగానే మనలో చాలామందికి రెండు అభిప్రాయాలలో ఏదో ఒకటి తడుతుంది. ఒకటి: అది బయటినుంచి వచ్చినవాళ్ళు కట్టింది, మనది కాదు. రెండు: అది నవాబుల వైభవానికి గుర్తు, అందమైన కళాఖండం, కాబట్టి కాపాడుకోవాలి. మొదటిది మతోన్మాదుల వాదన. రెండవది పర్యాటక శాఖ కరపత్రాల వాదన. పైకి ఒకదానికొకటి ఎదురుగా నిలబడ్డట్టు కనిపించినా ఈ రెండింటికీ ఒక పోలిక వుంది. రెండూ ఆ కట్టడాన్ని తీసుకుపోయి రాజు చేతిలో పెడతాయి. ఒకటి ఆ రాజును తిడుతుంది, మరొకటి పొగుడుతుంది. రాయి కొట్టినవాడు, సున్నం నూరినవాడు, ఆ మసీదు నీడన తలదాచుకున్న బాటసారి, మూడు వందల యాభై ఏళ్ళుగా దాని చుట్టూ బతుకుతున్న గల్లీ జనం - వీళ్ళెవరూ రెండింటిలోనూ కనిపించరు.

ఈ వ్యాసంలో నేను చేయదలుచుకున్నది ఒక్క మసీదును తీసుకుని ఆ కనిపించనివాళ్ళ వైపునుంచి చూడటం. నేను ఎంచుకున్నది మక్కా మసీదు కాదు. దానిని గురించి అందరికీ తెలుసు. గోల్కొండకూ పురానాపూల్‌కూ నడుమ, కార్వాన్‌లో వున్న టోలీ మసీదును ఎంచుకున్నాను. హైదరాబాదులో వుంటున్నవాళ్ళలో కూడా దీన్ని చూసినవాళ్ళు తక్కువ.

పేరు విషయం ముందే చెప్పాలి. 'టోలీ' అన్న మాటను తెలుగు చెవితో విని 'తొలి మసీదు' అనుకునే ప్రమాదం వుంది. ఇది మొదటి మసీదు కాదు. గోల్కొండ కోట దగ్గరి జామీ మసీదును సుల్తాన్ కులీ 1518లో కట్టించాడు. టోలీ మసీదు కట్టింది 1671లో, అంటే కుతుబ్‌షాహీల పాలన ఇంక పదహారేళ్ళలో ముగుస్తుందనగా. ఈ మసీదుకు జనం పెట్టుకున్న పేరు వేరే వుంది. నేను మొదటిసారి వెతుక్కుంటూ పోయినప్పుడు ఒక దుకాణం ముందు కూర్చున్న పెద్దాయనను "చాచా, టోలీ మసీదు ఎటు?" అని అడిగాను. ఆయన "దమ్డీ మసీదా? సీదా పో బేటా" అన్నాడు. దమ్డీ అంటే మన దమ్మిడీ. 'చేతిలో దమ్మిడీ లేదు' అంటామే, అదే. ఒక దేవాలయానికి గానీ మసీదుకు గానీ అతి చిన్న నాణెం పేరు ఎందుకు వచ్చింది? ఈ ప్రశ్న వెంట పోతే ఆనాటి సమాజం మొత్తం బయటపడుతుంది.

కార్వాన్ అంటే ఏమిటి?

కార్వాన్ అంటే బిడారు. ఒంటెలమీద, ఎద్దులమీద సరుకు వేసుకుని గుంపుగా సాగే వర్తకుల బారు. 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా మూసీమీద వంతెన కట్టించాడు. అదే ఇవాళ్టి పురానాపూల్. 1591లో మూసీకి దక్షిణాన హైదరాబాదు నగరం వెలిసింది. గోల్కొండ కోటనుంచి కొత్త నగరానికి పోవాలంటే వంతెన దాటాలి. కోటకూ వంతెనకూ మధ్య దారి పొడుగునా వర్తకులు దిగారు. బిడార్లు దిగిన చోటు కాబట్టి కార్వాన్ అయింది. పెద్ద వ్యాపారుల, వడ్డీ వ్యాపారుల పేరు కూడా కలిసి 'కార్వాన్ సాహూ' అయింది.

17వ శతాబ్దపు నడిమి దశాబ్దాలలో గోల్కొండకు వచ్చిపోయిన ఫ్రెంచి రత్నాల వర్తకుడు తావెర్నియే ఈ ప్రాంతాన్ని వర్ణించాడు. అతను వాడిన పేరు వేరు. కాని వంతెనకు అవతల, కోటకు పోయే దారిలో, సుమారు ఒక క్రోసు పొడుగున వున్న శివారు అని చెప్పిన గుర్తులు కార్వాన్‌కే సరిపోతాయి. అతను చెప్పిన విషయాలలో మనకు ముఖ్యమైనవి రెండు.

మొదటిది, నగరం లోపల వుండేది రాజోద్యోగులు, మంత్రులు, సైనికాధికారులు. వర్తకులు, దళారులు, చేతిపనివాళ్ళు, మొత్తం సామాన్య జనం వుండేది ఈ శివారులో. పొద్దున పది, పదకొండు గంటలకు వాళ్ళు వంతెన దాటి నగరంలోకి వెళ్ళి పని చూసుకుని, సాయంత్రం నాలుగైదు గంటలకు తిరిగి తమ ఇళ్ళకు చేరుకునేవాళ్ళు. నగరాన్ని నడిపించేవాళ్ళు నగరం బయట వుండటం మన కాలపు విచిత్రం కాదన్నమాట.

రెండవది, ఈ శివారులో రెండు మూడు అందమైన మసీదులు వున్నాయనీ, పరదేశులకు అవే సరాయిలుగా ఉపయోగపడుతున్నాయనీ, చుట్టుపక్కల అనేక దేవాలయాలు కూడా వున్నాయనీ రాశాడు. ఇది పరాయివాడు, రత్నాలు కొనుక్కోవడానికి వచ్చినవాడు రాసిన మాట. హిందూ ముస్లిం సామరస్యాన్ని చాటాలని అతనికేమీ పట్టలేదు. తన కంటికి కనిపించింది రాశాడు. మసీదు ప్రార్థన స్థలం మాత్రమే కాదు, బాటసారి పడుకునే అరుగు కూడా. దాని పక్కన గుడి వుండటంలో ఆ వీధి జనానికి వింత ఏమీ లేదు. ఈ రోజుకీ కార్వాన్ పక్కనే జియాగూడలో రంగనాథస్వామి గుడి వుంది, మేకల మండీ వుంది, అటు ఇటు మసీదులు వున్నాయి.

కట్టడం, కట్టుబడి

మసీదు ఎత్తయిన అరుగుమీద వుంటుంది. ముందువైపు ఐదు కమానులు. వాటిని దాటి లోపలికి పోతే మరో హాలు, దానికి మూడు కమానులు. రెండు పక్కలా రెండు మీనార్లు. మీనార్ల ఒంటినిండా సున్నంతో చేసిన నగిషీ. చిన్న చిన్న కమానులు, పూలు, తీగలు, తామరలు అంచెలంచెలుగా పైకి పోతాయి. మక్కా మసీదులో వున్న బరువు, గాంభీర్యం ఇక్కడ లేవు. ఇక్కడ వున్నది పనితనం. 1082 హిజ్రీలో మూసాఖాన్ కట్టించాడని తెలిపే శాసనం నల్లరాతిమీద వుంది.

మసీదు నిర్మాణంలో ఏ భాగం ఎందుకు వుంటుందో తెలియని పాఠకుల కోసం రెండు మాటలు చెప్పాలి. మక్కా వున్న దిక్కును చూపే గోడలో గూడులాంటి భాగాన్ని మిహ్రాబ్ అంటారు. మన దేశానికి అది పడమటి దిక్కు. శుక్రవారం ఇమాం ఎక్కి ప్రసంగించే మెట్లు మింబర్. ముందున్న ఖాళీ ఆవరణ సహన్. కాళ్ళూ చేతులూ కడుక్కునే నీటి తొట్టి హౌజు. విగ్రహం లేదు, గర్భగుడి లేదు. ఇంతవరకే పోవాలి, ఇంతకు మించి లోపలికి పోరాదు అన్న గీత లేదు. ముందు వచ్చినవాడు ముందు వరసలో నిలబడతాడు. భుజానికి భుజం ఆనించి నిలబడతారు. అంటరానితనం పునాదిగా వున్న సమాజంలో ఈ వరసకు ఎంత ఆకర్షణ వుండి వుంటుందో ఊహించడం కష్టం కాదు.

ఐతే ఇక్కడ ఆగిపోకూడదు. వరసలో సమానత్వం వరస ముగిసేదాకానే. నమాజు అయిపోయి చెప్పులు వేసుకున్నాక అమీరు పల్లకీ ఎక్కాడు, బోయీ పల్లకీ మోశాడు. దూదేకులవాళ్ళను, ఫకీర్లను, కసాయిలను సయ్యదులు తమతో సమానంగా చూశారని చరిత్ర చెప్పదు. మతం ప్రకటించిన సమానత్వాన్ని ఆస్తి సంబంధాలు ఎప్పటికప్పుడు రద్దు చేస్తూ వచ్చాయి. ప్రకటన అబద్ధమని నేను అనడం లేదు. దానిని నిజం చేసుకోగలిగిన శక్తి ఆనాటి కింది జనానికి లేదు అంటున్నాను.

ఇక పనిని గురించి. ఆ నగిషీ అంతా నిలబడింది సున్నంమీద. సున్నపురాయిని బట్టీలో కాల్చాలి. నీళ్ళు చల్లి విరగదీయాలి. ఇసుక కలిపి గానుగలో వేసి ఎద్దులను కట్టి తిప్పాలి. వెన్నలాగా మెదిగేదాకా నూరాలి. అదే మనవాళ్ళు డంగు సున్నం అనేది. బెల్లం నీళ్ళు, కరక్కాయ నానేసిన నీళ్ళు కలపడం దక్కనులో పాత పద్ధతి. తడి ఆరకముందే మేస్త్రీ చేతితో, చిన్న కర్ర పనిముట్లతో రూపు తేవాలి. ఆరిపోతే మళ్ళీ చెక్కడానికి వీల్లేదు. మీనారుమీద ఒక్కొక్క పువ్వూ ఒక మనిషి వేలికొస ఆడిన గుర్తు. ఈ వేళ్ళు పర్షియానుంచి రాలేదు. నమూనా గీసినవాడు ఎక్కడివాడైనా కావచ్చు. రాయి కొట్టడం తెలుగు నేలమీద తరతరాలుగా వడ్డెరల పని. గానుగ తిప్పినవాడు, నీళ్ళు మోసిన ఆడది, తట్ట ఎత్తిన కూలీ ఇక్కడివాళ్ళే అయి వుండాలి. తామరపువ్వు మీనారుమీదికి ఎట్లా ఎక్కిందని పండితులు చర్చిస్తారు. ఆ చేతికి తామర అలవాటు కాబట్టి ఎక్కింది.

దమ్మిడీ కథ

మూసాఖాన్ అబ్దుల్లా కుతుబ్‌షా కొలువులో మహల్దారు. అంటే రాజమహలు వ్యవహారాలు చూసే పెద్ద ఉద్యోగి. మక్కా మసీదు పని పర్యవేక్షణ కూడా అతని చేతిలో వుండేదనీ, ఆ కట్టడానికి ఖర్చయిన ప్రతి రూపాయికీ ఒక దమ్డీ చొప్పున అతనికి ముట్టేదనీ, అట్లా పోగుపడ్డ దమ్డీలతో తన పేర ఈ మసీదు కట్టించాడనీ చెప్పుకుంటారు. అందుకే దమ్డీ మసీదు.

కథలో అక్షరాలా ఎంత నిజం వుందన్నది నాకు ముఖ్యం కాదు. మూడు శతాబ్దాలుగా జనం ఈ కథనే ఎందుకు దాచుకున్నారన్నది ముఖ్యం. 'మూసాఖాన్ భక్తితో కట్టించాడు' అని చెప్పుకోవచ్చు గదా. చెప్పుకోలేదు. 'పెద్ద మసీదు ఖర్చులోనుంచి చిన్న మసీదు పుట్టింది' అని చెప్పుకున్నారు. ప్రభుత్వ పనిలో పైవాడి చేతికి ఎంత అంటుకుంటుందో ఇప్పటి కాంట్రాక్టు పనులు చూసే మనకు వేరే చెప్పనక్కరలేదు. దమ్డీ అతి చిన్న నాణెం. అంత చిన్న నాణెంతో ఇంత మసీదు లేచిందంటే, అసలు ఖర్చయిన రూపాయలు ఎన్ని? ఆ రూపాయలు ఎక్కడివి? కథ ఈ ప్రశ్నను నోరు తెరిచి అడగదు. అడిగించేటట్లు మాత్రం చేస్తుంది. దీనిలో వ్యంగ్యం వుంది, లెక్క వుంది. ప్రజలు తమ చరిత్రను రాసుకునే పద్ధతి ఇదే. శాసనంలో రాజు పేరు వుంటుంది, కథలో లెక్క వుంటుంది.

ఆ లెక్క మనం వేద్దాం. మక్కా మసీదు పని 1617లో మహమ్మద్ కుతుబ్‌షా మొదలుపెట్టాడు. గోల్కొండ పతనమైన తర్వాత, 1694లో ఔరంగజేబు కాలంలో ముగిసింది. మిహ్రాబ్ వున్న భాగానికి వాడిన ఏకశిలను గనినుంచి తియ్యడానికి ఐదు సంవత్సరాలు పట్టిందనీ, 500, 600 మంది ఎడతెగకుండా పనిచేశారనీ, దానిని లాగడానికి 1,400 ఎద్దులు కావలసి వచ్చాయని తనకు చెప్పారనీ తావెర్నియే రాశాడు. ఐదేళ్ళు, ఐదారు వందల కుటుంబాలు, ఒక్క రాయి. ఆ రాయి కింద ఎంతమంది కాళ్ళూ చేతులూ పోయాయో ఎవరూ రాయలేదు.

ఈ పనికి డబ్బు రెండు దారుల వచ్చింది. ఒకటి భూమి శిస్తు. గోల్కొండ రాజ్యంలో శిస్తు వసూలు హక్కును వేలం వేసి గుత్తకు ఇచ్చేవాళ్ళు. ఎక్కువ పాడినవాడికి పరగణా దక్కేది. పాడినవాడు తన పాటకు రెండింతలు రైతునుంచి రాబట్టుకోవాలని చూస్తాడు గాని రైతు బతికాడా చచ్చాడా అని చూడడు. రెండవది వజ్రాలు. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో ఆడ, మగ, పిల్లలు కలిసి 60,000 మంది దాకా పనిచేస్తున్నారని తావెర్నియే అంచనా. రామళ్ళకోట గనిలో పనివాళ్ళకు ఏడాది మొత్తానికి దొరికేది 3 వరహాలు మాత్రమేనని కూడా అతనే రాశాడు. అక్కడ జరిగే అమ్మకాలమీద రాజుకు నూటికి 2 చొప్పున ముట్టేది.

గనిలో తవ్వినవాడికి ఏడాదికి మూడు వరహాలు, అమ్మకంమీద రాజుకు నూటికి రెండు, కట్టడంమీద మహల్దారుకు రూపాయికి దమ్డీ. ఈ మూడు లెక్కలనూ ఒక్క కాగితంమీద పక్కపక్కన పెడితే కార్వాన్ దారి పొడుగునా పరచుకున్న సిరి ఎక్కడినుంచి ఎక్కడికి పారిందో తెలుస్తుంది. దీనికి మతం లేదు. గుత్తదారులలో బ్రాహ్మణులు, కోమట్లు, ముస్లిములు అందరూ వున్నారు. మసీదు కట్టిన సంవత్సరం తర్వాత గద్దెనెక్కిన తానీషా కొలువులో అక్కన్న మాదన్నలు రాజ్యం చేసిన సంగతి అందరికీ తెలిసిందే. వాళ్ళ హయాములో కూడా శిస్తు శిస్తే. కాబట్టి దీన్ని 'హిందువులను ముస్లిములు దోచిన కాలం' అనడం అబద్ధం. 'గంగా జమునా సంగమం' అని మురిసిపోయి ఊరుకోవడం అర్ధసత్యం.

సరాయి, వక్ఫు

పై మాటలన్నీ చెప్పి మసీదు ఒక దోపిడీ చిహ్నం అని తేల్చేయవచ్చు. మన విమర్శలో ఈ తొందర తరచు కనిపిస్తుంది. అది సరైన పద్ధతి కాదని నా అభిప్రాయం. కట్టించినవాడి ఉద్దేశంతో కట్టడం జీవితం ముగియదు. కట్టిన మరునాటినుంచి అది వాడుకునేవాళ్ళది అవుతుంది.

పురానాపూల్ దగ్గరే మియాఁ మిష్క్ మసీదు వుంది. మియాఁ మిష్క్ హబ్షీ. ఆఫ్రికానుంచి తెచ్చిన బానిసల వర్గంనుంచి కుతుబ్‌షాహీ కొలువులో పెద్ద హోదాకు ఎదిగినవాడు. ఆయన కట్టించిన మసీదుతో పాటు సరాయి గదులు వున్నాయి. మసీదు పోషణకు రాబడి ఏర్పాటును తెలిపే శాసనం వుంది. అంటే మసీదు కట్టి వదిలేయలేదు. దీపానికి నూనె, ముఅజ్జినుకు జీతం, బాటసారికి తిండి ఎక్కడినుంచి రావాలో ముందే ఏర్పాటు చేశారు. ఈ ఏర్పాటునే వక్ఫు అంటారు.

వక్ఫు అంటే నిలిపివేయడం. ఒక ఆస్తిని శాశ్వతంగా ధర్మకార్యానికి నిలిపివేస్తే దానిని అమ్మరాదు, వారసులు పంచుకోరాదు. రాబడి మాత్రం వాడుకోవాలి. చూసుకునేవాడు ముతవల్లీ. అతను యజమాని కాదు, కాపలాదారు. దేవాలయ మాన్యాలకూ ఇంచుమించు ఇదే నియమం. నిజాం కాలంలో మసీదుల, గుళ్ళ వ్యవహారాలను రెండింటినీ ఉమూరె మజహబీ అనే ఒకే శాఖ చూసేది.

ఆచరణలో ముతవల్లీలు యజమానులైన ఉదాహరణలు కోకొల్లలు. వక్ఫు భూములను మింగినవాళ్ళలో ముస్లిం పెద్దలూ వున్నారు, హిందూ పెద్దలూ వున్నారు, ప్రభుత్వమూ వుంది. హైదరాబాదు శివారున మణికొండలో హజ్రత్ హుసేన్ షా వలీ దర్గాకు చెందినవని వక్ఫు బోర్డు వాదించిన 1,654 ఎకరాలు 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పుతో ప్రభుత్వానివయ్యాయి. అప్పటికే ఆ నేలమీద పెద్ద కంపెనీల మేడలు లేచి వున్నాయి. చట్టం లోతుపాతులు ఎట్లా వున్నా ఫలితం ఒక్కటే. ఉమ్మడి అవసరం కోసం నిలిపివేసినవని చెప్పుకున్న భూములు కొద్దిమంది లాభానికి ఉపయోగపడ్డాయి.

తెలుగుతో సంబంధం

ఇదంతా హైదరాబాదు ఉర్దూవాళ్ళ విషయం, తెలుగు సాహిత్య పత్రికకు దీనితో పనేమిటి అని అడిగేవాళ్ళు వున్నారు. వాళ్ళ ప్రశ్నలోని మాటలతోనే జవాబు చెప్పవచ్చు. రైతు, హక్కు, బాకీ, వసూలు, రద్దు, జవాబు, దుకాణం, బజారు, గుమ్మటం, కమాను - ఈ మాటలు తీసేసి తెలుగులో ఒక రోజు బతకడం కష్టం. మనం వూరేగింపులో ఎత్తుకునే 'ఇంక్విలాబ్ జిందాబాద్' నినాదాన్ని 1921లో ఇచ్చినవాడు మౌలానా హస్రత్ మోహానీ. 'రైతు', 'హక్కు' అనే రెండు మాటలు లేకుండా తెలంగాణా పోరాటాన్ని గురించి ఒక వాక్యం రాయగలమా?

కుతుబ్‌షాహీల ఫర్మానాలు పారసీతో పాటు తెలుగులో కూడా వుండేవి. ఇబ్రహీంను తెలుగు కవులు 'మల్కిభరాముడు' అని పిలిచారు. అద్దంకి గంగాధరకవి 'తపతీ సంవరణోపాఖ్యానం' ఆయనకు అంకితం. మొదటి అచ్చతెనుగు కావ్యం 'యయాతి చరిత్ర'ను పొన్నగంటి తెలగన్న అంకితమిచ్చింది పటాన్‌చెరువు అధికారి అమీన్‌ఖానుకు. పరభాషా పదం సోకని కావ్యానికి కృతిపతి ఒక ముస్లిం అన్న సంగతిని అచ్చతెలుగు అభిమానులు గుర్తుంచుకుంటే మంచిది. ఐతే ఇవి కూడా కొలువు సంగతులే. వీటితోనే సరిపెట్టుకుంటే మళ్ళీ రాజు దగ్గరికే చేరుకుంటాం.

కొలువు బయట ఏమి జరిగిందో చూడాలంటే పీర్ల పండుగ చూడాలి. తెలంగాణా పల్లెల్లో మొహర్రం పది రోజులూ పీర్లను నిలబెట్టేది ముస్లిములు ఒక్కరే కాదు. ఒక్క ముస్లిం ఇల్లు కూడా లేని వూళ్ళలో పీర్లు లేస్తాయి. గుండం చుట్టూ 'అసై దులా' ఆడేది మాల, మాదిగ, గొల్ల, చాకలి, మంగలి జనం. కర్బలాలో నీళ్ళు దొరక్క చనిపోయిన హుసేను కథను కరువు నేలలో నీళ్ళకోసం అల్లాడే జనం తమ కథగా చేసుకున్నారు. దీన్ని ఏ మౌల్వీ నేర్పలేదు. ఇప్పుడు రెండువైపుల శుద్ధివాదులూ దీన్ని మాన్పించాలని చూస్తున్నారు. 'ఇది ఇస్లాం కాదు' అని ఒకరు, 'ఇది హిందుత్వం కాదు' అని మరొకరు. ఇద్దరి మాటా నిజమే. ఇది జనం సొంతంగా చేసుకున్నది.

మరో ఉదాహరణ షేక్ బందగీ. విసునూరు దేశ్‌ముఖుతో తన భూమికోసం కోర్టులో కొట్లాడి గెలిచిన పేద రైతు. 1940లో దొర గూండాలు చంపేశారు. చంపించినవాడు హిందూ దొర, అతనికి అండగా వున్నది నిజాం సర్కారు. కామారెడ్డిగూడెంలో బందగీ సమాధి రైతాంగానికి యాత్రాస్థలమైంది. 'మాభూమి' నాటకంలో ఆయన పాత్రగా బతికాడు. రజాకార్లను వ్యతిరేకించినందుకు 1948 ఆగస్టులో హత్యకు గురైన పత్రికా సంపాదకుడు షోయబుల్లాఖాన్, తెలంగాణా పోరాటానికి నాయకత్వం వహించిన కవి మఖ్దూం మొహియుద్దీన్ - వీళ్ళందరూ ఈ నేల ఇస్లామీయ వారసత్వంలో భాగమే. గోపురాలూ మీనార్లూ మాత్రమే వారసత్వం కాదు.

ఇప్పటి ప్రశ్న

ఇవన్నీ ఇప్పుడు ఎందుకు చెప్పుకోవాలి? మసీదు కింద ఏముందో తవ్వి చూడాలనే రాజకీయం 1992 డిసెంబరు 6 తర్వాత ఆగలేదు కాబట్టి. పాత మసీదులమీద ఒక్కొక్క వూళ్ళో ఒక్కొక్క దావా పడుతున్నది కాబట్టి. కార్వాన్, ధూల్‌పేట, పురానాపూల్ ప్రాంతాల జనానికి 1990 డిసెంబరు కలహాలు చదువుకున్న చరిత్ర కాదు, అనుభవం. కత్తిపోట్లకు పోయినవాళ్ళలో రిక్షా తొక్కేవాళ్ళు, కూలీలు, చిన్న దుకాణదారులు వున్నారు. అమీర్లు లేరు, సాహూలు లేరు.

దీనికి తోడు 2025 ఏప్రిల్‌లో వక్ఫు సవరణ చట్టం వచ్చింది. దీనిలో మన విషయానికి సంబంధించిన అంశం ఒకటి వుంది. పత్రం లేకపోయినా చిరకాలంగా మసీదుగా, ఖబరస్తానుగా వాడుకలో వుంటే అది వక్ఫు ఆస్తి అని పాత చట్టం గుర్తించేది. 'వాడుక ద్వారా వక్ఫు' అనే ఆ భావనను ఇక ముందుకు లేకుండా చేశారు. ముందే నమోదైనవి కొనసాగుతాయి, కాని వివాదంలో వున్నా, ప్రభుత్వ భూమి అన్నా ఆ రక్షణ వుండదు. 2025 సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు కొన్ని నిబంధనలను తాత్కాలికంగా నిలిపివేసింది. చట్టాన్ని మొత్తంగా నిలపలేదు, ఈ తొలగింపునూ నిలపలేదు.

దీని అర్థం ఏమిటి? టోలీ మసీదుకు శాసనం వుంది, చరిత్ర పుస్తకాలలో పేరు వుంది. దానికి పెద్ద ప్రమాదం లేకపోవచ్చు. కాని దూదేకులవాళ్ళు, పింజారీలు, కసాయిలు తమ గల్లీలో తలా ఒక రూపాయి వేసుకుని కట్టుకున్న చిన్న మసీదుకు శాసనం ఎక్కడిది? వూరి చివర ఖబరస్తానుకు ఫర్మానా ఎవడిచ్చాడు? పేదవాడి ఆస్తికి ఎప్పుడూ వాడుకే పత్రం. పోడు భూమికి పట్టా అడిగినట్టే, చెరువుగట్టుమీద గుడిసెకు కాగితం అడిగినట్టే, ఇప్పుడు ప్రార్థన స్థలానికి కాగితం అడుగుతున్నారు. కాగితం లేనివాళ్ళ హక్కు అనే ప్రశ్న ఒక మతంవాళ్ళ ప్రశ్న కాదు. ఈ సంబంధాన్ని చూపించగలిగినప్పుడే మతోన్మాదానికి జవాబు చెప్పగలం. 'అన్ని మతాలూ ఒక్కటే' అనే మెత్తని మాట ఇక్కడ పనికిరాదు.

తెలుగులో ముస్లిం జీవితం సాహిత్యంలోకి గట్టిగా వచ్చింది ఈ మధ్యనే. ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' 1991లో, ముస్లింవాద కవితల సంకలనం 'జల్‌జలా' 1998లో వచ్చాయి. ఇవి వచ్చాక కూడా మన స్థానిక చరిత్ర రచనలో మసీదు రాజుల అధ్యాయంలోనే మిగిలిపోయింది. గ్రామ చరిత్రలు రాసే మిత్రులకు నా సూచన ఒక్కటే. మీ వూరి మసీదు ఎప్పుడు కట్టారు అని అడగండి. దాంతో ఆపకండి. రాయి ఎక్కడినుంచి తెచ్చారు, సున్నం ఎవరు నూరారు, దీపానికి నూనె ఎవరిచ్చారు, ఆ నూనెకు నిలిపిన భూమి ఇప్పుడు ఎవరి పేరున వుంది అని కూడా అడగండి. పీర్లు ఎవరెత్తుతారు, ఎత్తడం ఎప్పుడు మానేశారు, ఎందుకు మానేశారు అని అడగండి. దర్గా గద్దెమీద ముందుగా ఎవరి ముడుపు పెడతారో చూడండి. వూరి గుడిని గురించి రాసేటప్పుడు కూడా ఇవే ప్రశ్నలు వేయండి. రెండు జవాబులనూ పక్కపక్కన పెడితే వాటి మధ్య తేడా ఎంత తక్కువో బయటపడుతుంది.

మూసాఖాన్ తన పేరు నిలబడాలని నల్లరాతిమీద చెక్కించుకున్నాడు. కార్వాన్ జనం ఆ పేరును పట్టించుకోలేదు, అతని లెక్కను పట్టుకున్నారు. మసీదుకు దమ్మిడీ పేరు పెట్టారు. ఆ దమ్మిడీ ఎవరి చెమటలోనుంచి వచ్చిందో తేల్చి రాయవలసిన బాధ్యత మనది. అది తేలితే ఆ మసీదు ఎవరి వారసత్వమో వేరే వాదించవలసిన పని వుండదు.